ఆడిట్‌కి ముందు ఇల్లు సర్దొద్దు

ఆ ఫోను పక్కన పెట్టి నా ఎదురుగా కూర్చో చిన్నీ. అలా వాలిపోయి కాదు, సరిగ్గా కూర్చో. ముందు విను, తర్వాత టైపు కొట్టు. రెండూ ఒకేసారి చేస్తానంటావు గానీ సగం మాటలు మింగేస్తావు, నాకు తెలుసు. వచ్చే నెల్లో ఇళ్లకి వెళ్లి కరెంటు ఆడిట్ చేసే కంపెనీలో చేరుతున్నావు. నీతోపాటు చేరే పిల్లలకి కూడా చదివి వినిపిస్తానన్నావని చెబుతున్నాను. నాకు జీతం ఎప్పుడు పెరిగింది, సీటు ఎప్పుడు మారింది, అవేం రాయకు. అవి వాళ్లకెందుకు? రాస్తున్నావా? "రాస్తున్నావా" అన్నది కూడా రాసేశావా? సరే, ఉండనీ.

ఏం పని ఇది

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేశాను. పెళ్లయి, మీ అమ్మ బడికి వెళ్లడం మొదలుపెట్టాక ఉద్యోగంలో చేరాను. తొంభైలు అప్పుడే మొదలయ్యాయి. గవర్నర్‌పేటలో ఒక లాడ్జి పక్క సందులో రెండు గదుల ఆఫీసు. కిందంతా హోల్‌సేల్ కొట్లు. మూటలు దించే రిక్షాల మధ్య నుంచి చీర కుచ్చెళ్లు పట్టుకుని పైకి ఎక్కాలి. మా సారు పేరు నరసింహం గారు. రైసు మిల్లులకీ కోల్డ్ స్టోరేజీలకీ వెళ్లి, కరెంటు ఎక్కడ వృథా అవుతోందో కనిపెట్టి చెప్పడం ఆయన పని. ఆ తర్వాత ఇళ్లవాళ్లు కూడా రావడం మొదలుపెట్టారు. ఇళ్లల్లోకి ఫ్రిజ్జులు, నీళ్ల మోటార్లు, గీజర్లు వరసగా వచ్చి చేరుతున్న రోజులవి. "మా మీటరు పూనకం వచ్చినట్టు తిరుగుతోందండీ, ఒకసారి చూసి పెట్టండి" అని వచ్చేవాళ్లు.

ఇళ్ల పనికి నన్నే ఎందుకు పెట్టుకున్నారో సారు మొదటిరోజే చెప్పారు.

"మగాణ్ణి పంపిస్తే హాల్లో కూర్చోబెట్టి, ఫ్యాను వేసి, కాఫీ ఇచ్చి పంపించేస్తారమ్మా. కరెంటు ఖర్చయ్యేదేమో వంటింట్లో, పెరట్లో. అక్కడిదాకా నిన్నైతే రానిస్తారు."

నిజమే. పదినిమిషాల్లో ఇంటావిడ నన్ను వంటింట్లోకి లాక్కెళ్లిపోయేది. పీట వేసేది. అత్తగారి మోకాళ్ల నొప్పి దగ్గర్నుంచి పాలు విరగడం దాకా అన్నీ చెప్పేది. ఆ కబుర్లలోనే నాకు కావలసింది ఉండేది. ఫ్రిజ్జు తలుపు లబ్బరు ఊడిందని, పొద్దున ఐదింటికి గీజరు వేసి ఏడింటిదాకా మర్చిపోతామని, మీటరు చెబుతుందా ఎక్కడైనా? నేను పని నేర్చుకున్నది ముందు ఆ ఆడవాళ్ల దగ్గర, తర్వాతే మా సారు దగ్గర. ఇది మటుకు తప్పకుండా రాయి.

కంకిపాడులో చీకటిల్లు

ఒకసారి కంకిపాడు దగ్గర ఒక రైతు ఇంటికి వెళ్లాను. పట్టపగలే ఇల్లంతా చీకటి. కిటికీలు వేసేశారు. ఫ్యాను లేదు, టీవీ మీద దుప్పటి కప్పారు. ఇంటాయన, ఆవిడ, ఇద్దరు కొడుకులు, అందరూ చెమటలు కక్కుతూ బల్ల మీద వరసగా కూర్చున్నారు.

"కరెంటు పోయిందాండీ?" అన్నాను.

"లేదండీ, ఉందండీ. మేం అసలు వాడమండీ" అన్నాడాయన.

నేను కరెంటాఫీసు నుంచి దొంగవాడకం చెకింగుకి వచ్చాననుకున్నారు, అదీ సంగతి. మమ్మల్ని పిలిపించింది ఆ ఇంటి అల్లుడు. ఆడిటంటే ఏంటో ఇంట్లోవాళ్లకి చెప్పలేదు. నేను ఎంత చెప్పినా వాళ్లకి నమ్మకం కుదరలేదు. చివరికి మూలన నులక మంచం మీద పడుకున్న ముసలావిడ, ఆ ఇంటాయన తల్లి, విసుక్కుని లేచి కూర్చుంది.

"ఏరా, ఆ పిల్లనెందుకు తిప్పుతారు? నీళ్లు కాచుకునే కడ్డీ బియ్యం డబ్బాలో పెట్టాడమ్మా మావాడు. ఇస్త్రీ పెట్టె గడ్డివాములో ఉంది. ఫ్యానేస్తే నాకు కాస్త గాలన్నా తగులుద్ది."

ఆఫీసుకొచ్చి చెబితే మా సారు కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వారు. నవ్వి నవ్వి, కళ్లజోడు తుడుచుకుంటూ, "మరి నువ్వు చూసొచ్చింది ఎవరిల్లమ్మా? రోజూ వాళ్లుండే ఇల్లు కాదుగా" అన్నారు. నాకు అప్పుడు ఆ మాట పూర్తిగా ఎక్కలేదు. భయపడి దాచారు కాబట్టి భయం పోగొడితే చాలనుకున్నాను. అప్పట్నుంచి వెళ్లేముందు ఫోను చేసి చెప్పేదాన్ని. "మేం చెకింగు వాళ్లం కాదండీ, మీ మంచికే వస్తున్నాం. మీటరు దగ్గరికి దారుండేట్టు చూడండి, ప్లగ్గులకి అడ్డం తీయించండి, కాస్త ఇల్లు సర్దిపెట్టుకోండి చాలు" అని. ఆ చివరి ముక్కతోనే నేను ఒక కుటుంబాన్ని వీధిన పడేసినంత పని చేశాను.

మా సారు గురించి రెండు ముక్కలు

ఆయనకి మెచ్చుకోవడం రాదు. బాగా చేస్తే "ఊఁ" అంటారు, బాగా చెయ్యకపోతే కూడా "ఊఁ" అంటారు. ఏ ఊఁ ఏదో తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. మధ్యాహ్నం భోజనం చేశాక కుర్చీలోనే గుర్రు పెట్టేవారు. ఆడవాళ్లకి జీతం విషయంలో ఆయన చెయ్యి కాస్త బిగుతే, అదీ దాచను. కానీ ఒక మిల్లు తలుపు దగ్గర నిలబడి కళ్లు మూసుకుని, చప్పుడు విని, "ఆ మూడో మోటారు బెల్టు వదులైంది" అని చెప్పగలిగిన మనిషి. తన పేరు మీద వెళ్లే ప్రతి కాయితం తానే చదివి సంతకం పెట్టేవారు. ఆ ఒక్క కాయితం మాత్రం చదవలేదు. ఆ వారం ఆయన ఊళ్లో లేరు. నేనే తొందరపడి నా సంతకంతో ఇచ్చేశాను.

పాండురంగారావు గారి మేడ

బెజవాడలోనే, కాలవ పక్కన ఒక మేడ. కింద వాటాలో ఓనరు పాండురంగారావు గారు, ఆయన భార్య శేషమ్మ గారు. వాళ్ల తాతల కాలంలో మగ్గాలు నేసేవాళ్లట. ఈయన చేనేత బట్టల కొట్టు పెట్టారు. పై వాటాలో కరీముల్లా అని టైలరు, భార్య ఖాసింబీ, పదో తరగతి పాసైన కూతురు రెహానా. కరీముల్లా మిషను మీద కుట్టేవాడు. ఖాసింబీ కాజాలు కుట్టి, గుండీలు వేసి, ఇస్త్రీ చేసేది. ఓనరు గారి కొట్లో గుడ్డ కొన్నవాళ్లు సగంమంది అటు నుంచి అటే వచ్చి పైన కొలతలిచ్చి వెళ్లేవారు. ఏడేళ్లుగా అలా హాయిగానే సాగింది.

రెండు వాటాలకీ ఒకటే మీటరు. ఆ ఏడాది అది తెగ తిరగడం మొదలుపెట్టింది. అదే ఏడాది కరీముల్లా తొక్కుడు మిషనుకి మోటారు బిగించాడు, బరువైన ఇస్త్రీ పెట్టె కొన్నాడు. ఇంకేముంది, ఓనరు గారు తేల్చేశారు.

"పైన వాళ్లే తాగేస్తున్నారమ్మా కరెంటు. అతనేమో కాదంటాడు. మీరొచ్చి తేల్చండి. మీరు కూడా వాళ్లేనంటే నెలాఖరుకి ఖాళీ చేయిస్తాను. కాదంటే నోరు మూసుకుంటాను" అన్నారు.

చూడు, ఎంత స్పష్టంగా చెప్పారో. నా కాయితం మీద ఒక కుటుంబం ఉండడమా పోవడమా అన్నది ఆధారపడి ఉంది. కరీముల్లాకి ఆ వీధి వదిలితే పనే లేదు. పైగా వాళ్ల పేర్లు విన్నాక కూడా ఇల్లిచ్చే ఓనరు ఇంకొకరు దొరకాలి. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. అంత బరువుందని తెలిసి కూడా నేను శేషమ్మ గారికి ఫోను చేసి, ఇల్లు సర్దిపెట్టుకోండి అన్నాను. పైవాళ్లకి నేనేమీ చెప్పలేదు. పిలిపించింది కిందివాళ్లే కదా అనుకున్నాను.

గురువారం పొద్దున్నే వెళ్లాను. కింద వాటా పెళ్లిచూపుల ఇల్లులా ఉంది. గడపకి పసుపు, గచ్చు అద్దంలా మెరుస్తోంది. ఫ్రిజ్జు ఖాళీ చేసి, ఐసు కరగబెట్టి, తుడిచి, రెండు మంచినీళ్ల సీసాలు మాత్రం పెట్టారు. శేషమ్మ గారు పట్టుచీర కూడా కట్టుకున్నారు పాపం. నన్ను మీటరు దగ్గర వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఇత్తడి గ్లాసులో ఫిల్టరు కాఫీ ఇచ్చారు.

అప్పట్లో మీటర్లలో పళ్లెంలాంటి చక్రం ఉండేది, అంచున ఎర్ర గుర్తు. ఆ గుర్తు ఎన్నిసార్లు తిరిగి వస్తోందో గడియారం పెట్టి లెక్కపెట్టడమే పని. అన్నీ ఆపించి చూడాలి, ఒక్కోటే వేయించి చూడాలి. కింద వాటాలో ఏం వేసినా చక్రం నత్తలా కదిలింది. పైన మాత్రం మామూలు రోజే. పెళ్లివాళ్ల బట్టలు ఇవ్వాల్సి ఉందని ఖాసింబీ పొద్దుట్నుంచీ ఇస్త్రీ చేస్తూనే ఉంది. ఆ పెట్టె పెట్టినప్పుడల్లా చక్రం పరుగు. నేను మెట్ల దగ్గర నిలబడి, "అమ్మా, ఒకసారి ఆపండి", "ఆఁ, ఇప్పుడు వెయ్యండి" అని అరవడం, ఆవిడ పైనుంచి "ఆపానండీ", "ఏశానండీ" అనడం. మధ్యాహ్నం శేషమ్మ గారు గోంగూర పచ్చడితో అన్నం పెట్టారు. భోంచేసి వస్తుంటే ఖాసింబీ నీళ్ల బిందె చంకన పెట్టుకుని మెట్లెక్కుతోంది. దారికి అడ్డమని నేను పక్కకి తప్పుకున్నాను. తర్వాత ఇంకో బిందె. మళ్లీ తప్పుకున్నాను. అంతే. ఎందుకు మోస్తున్నారని అడగలేదు.

మర్నాడు రాసిచ్చేశాను. పై వాటా వాడకమే ముఖ్య కారణం అని.

"మోటారేదీ?"

సారు ఊరి నుంచి వచ్చాక నకలు చదివారు. రెండుసార్లు చదివారు. ఊఁ అని కూడా అనలేదు.

"మోటారేదమ్మా ఇందులో?"

"ఆ రోజు వెయ్యలేదండీ."

"మేడ ఇల్లు. రెండు కుటుంబాలు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నువ్వక్కడే ఉన్నావు. ఒక్కసారి కూడా నీళ్ల మోటారు వెయ్యలేదా?"

నాకప్పుడు మెట్ల మీద ఆ బిందెలు కళ్లకి కట్టాయి.

"సార్, మీరొకసారి ఆయనతో మాట్లాడితే..." అన్నాను.

"నేనెందుకు మాట్లాడతాను? రాసింది నువ్వు. వెళ్లి కొట్టేసి రావాల్సింది కూడా నువ్వే. నెలాఖరు ఎప్పుడు?"

"ఇంకో నాలుగు రోజులండీ."

"మరి ఇంకా కూర్చున్నావేం?"

ఆ కోపానికి నేను ఇప్పటికీ దణ్ణం పెడతాను చిన్నీ. నన్ను తిట్టలేదు, వెనకేసుకు రాలేదు. ఆ రోజు ఆయన వెళ్లి సర్దుబాటు చేసి ఉంటే నాకు పని వచ్చేది కాదు.

మళ్లీ వెళ్లిన రోజు

ఈసారి ఫోను చెయ్యలేదు. తిన్నగా పైకే ఎక్కాను. కరీముల్లా ఇల్లు వెతకడానికి వెళ్లాడు. గదిలో మూటలు కట్టేసి ఉన్నాయి. మిషను బెల్టు విప్పి పక్కన చుట్టి పెట్టారు. ఖాసింబీ గిన్నెలు గోనెసంచిలో సర్దుతోంది.

"ఇప్పుడెందుకొచ్చారండీ? ఇంకేం రాయాలి?" అంది, తలెత్తకుండానే.

"ఆ రోజు మీరు బిందెలెందుకు మోశారు?"

చేతిలో గిన్నె ఆగిపోయింది. "మా పంపులో నీళ్లు రాలేదు కదండీ. అందుకని కింద సంపులోంచి తోడుకున్నా. అసలు మీరొచ్చిన రోజు మోటారు మోగనే లేదు. రోజూ తెల్లారి దాని మోతకే నిద్ర లేస్తాం మేము. ఆ రోజు రెహానాకి మెలకువే రాలేదు."

అక్కణ్నుంచి కిందికి పరిగెత్తాను. శేషమ్మ గారు పప్పు ఏరుకుంటున్నారు. మామూలు నేతచీర, జుట్టు ముడి. ఇల్లు చెల్లాచెదురుగా ఉంది. ఆ ఇంటిని అలా చూడగానే ప్రాణం లేచొచ్చింది నాకు.

"శేషమ్మ గారూ, నేనొచ్చిన రోజు మోటారు ఎందుకు వెయ్యలేదండీ?"

"మీరు లెక్క చూసుకుంటుంటే దాని గోల అడ్డం కదమ్మా. ఇల్లు సర్దిపెట్టమన్నారుగా. ముందురోజు సాయంత్రమే ట్యాంకు నిండా ఎక్కించేశాను. మాకు కావలసినవి డ్రమ్ముల్లో పట్టి పెట్టేశాను."

"నిండా ఎక్కించారా? కచ్చితంగా నిండిందా?"

"పైనుంచి పొర్లింది కూడాను."

"మామూలుగా రోజుకి ఎన్నిసార్లు వేస్తారండీ?"

"నాలుగుసార్లు. ఐదు కూడా. మునుపు ఒక్కసారి వేస్తే చాలేది. దసరా నుంచి ఇలాగే ఉంది మా ఖర్మ."

"మరి ఆ మాట నాకు చెప్పలేదేమండీ?"

ఆవిడ నావంక విచిత్రంగా చూసింది. "మోటారు నీళ్ల లెక్కమ్మా. మీరొచ్చింది కరెంటు లెక్కకి కదా."

నవ్వకు చిన్నీ. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? ఇంట్లో ఆవిడకి దీపాలు, ఫ్యాను, ఇస్త్రీ ఇవి కరెంటు. మోటారు నీళ్లు. అడగాల్సింది నేను. అడిగిన మరుక్షణం ఎప్పట్నుంచి, ఎన్నిసార్లు, ఎంతసేపు, అన్నీ తడుముకోకుండా చెప్పింది మహాతల్లి. ఆవిడ బుర్రలో అంతా ఉంది. ఏ మీటరూ అంత వివరంగా చెప్పలేదు.

ఇప్పుడు నువ్వు ఆలోచించు. సాయంత్రం ట్యాంకు పొర్లేట్టు నిండింది. కిందివాళ్లు డ్రమ్ముల్లో నీళ్లు వాడుకున్నారు. మర్నాడు మధ్యాహ్నానికే పైవాళ్ల పంపులో చుక్క లేదు. ఆ నీళ్లు ఎవరు తాగారు?

సుద్దముక్క తీసుకుని ట్యాంకు ఎక్కాను. చీర నడుముకి చుట్టి ఇనప నిచ్చెన ఎక్కుతుంటే, కింద శేషమ్మ గారు "పడతావే తల్లీ" అని, పక్కన ఖాసింబీ "నేను పట్టుకున్నాలెండి" అని. ట్యాంకు నింపించి, నీటిమట్టం దగ్గర గీత గీసి, రెండు గంటలు ఎవరూ పంపు తిప్పొద్దన్నాను. రెండు గంటల తర్వాత చూస్తే నీళ్లు గీతకి జానెడు కిందున్నాయి. వెనక వైపు పైపు వాల్వు కట్టేసి మళ్లీ చూశాను. ఈసారి మట్టం కదల్లేదు. ఆ పైపు వెనక గోడలో నుంచి కింద బాత్రూముకి దిగుతుంది.

వెళ్లి వెనక గది గోడ మీద చెయ్యి వేశాను. తడి. గోడంతా మచ్చలు, సున్నం పెచ్చులుగా ఊడుతోంది.

"ఇదెప్పట్నుంచి?"

"అది కాలవ చెమ్మమ్మా. కాలవ పక్క ఇళ్లల్లో మామూలే" అన్నారు శేషమ్మ గారు.

పక్కనున్న ఖాసింబీ మెల్లిగా అంది. "అమ్మగారూ, కాలవ కట్టేసి నెల దాటింది కదా. ఎండిపోయి పిల్లలు అందులో క్రికెట్టాడుతున్నారు. ఇంకా చెమ్మెక్కణ్నుంచొస్తది?"

డెల్టాలో ఏ గోడ తడిసినా కాలవ మీదకే తోసేస్తాం. అది మనకి పుట్టుకతో వచ్చిన అలవాటు. వేసవిలో నీళ్లు కట్టేస్తారని మనకి తెలుసు. అయినా ఆ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూడం. ఆవిడ పెట్టింది. చదువుకున్నది నేను, కనిపెట్టింది ఆవిడ.

ఇల్లు ఎలా ఉంచమనాలి

ఓనరు గారు కొట్టు నుంచి వచ్చేలోపు ఇది చెప్పేస్తాను, లేకపోతే మర్చిపోతాను. నువ్వు ఇళ్లకి వెళ్లేముందు వాళ్లకి ఏం చెప్పాలంటే, ఏమీ చెయ్యొద్దని చెప్పాలి. ఫ్రిజ్జు కడగొద్దు. ట్యాంకు ముందురోజు నింపొద్దు. మేమొస్తున్నామని పిల్లల్ని పక్కింటికి పంపొద్దు. ఆ రోజు ఏ కూర వండుకుంటారో అదే వండుకోమను, ఏ టైముకి స్నానాలు చేస్తారో అప్పుడే చెయ్యమను. మీటరు ముందున్న చెప్పులూ గోనెసంచులూ మాత్రం తీయించు, అందులో తేళ్లుంటాయి, నన్నొకసారి గన్నవరంలో కుట్టింది. పాత బిల్లులు ఒకచోట పెట్టమను. అన్నిటికన్నా ముఖ్యం, స్విచ్చులు వేసే మనిషి ఇంట్లో ఉండాలి. ఇంటి యజమాని కాదు, రోజూ స్విచ్చు వేసే మనిషి. వాటాలెన్ని ఉంటే అన్ని వాటాల్లోనూ అదే మాట చెప్పాలి.

నేను తర్వాత ఇన్నేళ్లలో ఎన్నో మీటర్లు కొన్నాను, వాడాను. పట్టకారులాంటిది వచ్చింది, వైరు చుట్టూ పెడితే చాలు అంకె చూపిస్తుంది. అవన్నీ మంచివే. కానీ సర్దేసిన ఇంట్లో అవన్నీ అబద్ధమే చూపిస్తాయి, అదీ నిజాయితీగా చూపిస్తాయి.

సాయంత్రం

పాండురంగారావు గారు ఆరింటికి వచ్చారు. నేను వరండాలో నిలబడే ఉన్నాను.

"నేను రాసిచ్చిందాంట్లో తప్పుందండీ" అన్నాను.

"తప్పా? మీరేగా పొద్దుట్నుంచి కూర్చుని లెక్కపెట్టి రాసిచ్చారు? సంతకం కూడా ఉంది."

"ఉందండీ. తప్పు సంతకం. మీ మోటారు రోజుకి ఐదుసార్లు తిరుగుతోంది. తోడిన నీళ్లు తోడినట్టే మీ వెనక గోడ తాగేస్తోంది. ఇస్త్రీ పెట్టె వేడెక్కాక కాసేపు ఆగుతుంది, మళ్లీ అందుకుంటుంది. మోటారుకి ఆ ఆగడం లేదు. ఆ రోజు మోటారు వెయ్యలేదు కాబట్టి నాకు పైవాళ్లదే కనిపించింది."

ఆయన భార్యవంక చూశారు. ఆవిడ వెనక గదిలోకి దారి చూపించింది. మేస్త్రీని పిలిపించాం. ఉలి పెట్టి నాలుగు దెబ్బలు కొట్టేసరికి పెచ్చు ఊడి, లోపల తుప్పు పట్టిన పైపు చీలికలోంచి సన్నగా నీళ్లు చిమ్మాయి, ఆయన చొక్కా మీద పడ్డాయి. ఆ గోడకి రెండుసార్లు చెమ్మ మందు రాయించారట ఆయన. తువ్వాలుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్లిపోయారు.

ఆయన మనసులో ఏముందో తెలియదు. మాటిచ్చిన మనిషే, కానీ ఒకసారి పొమ్మన్న నోటితో ఉండమనడం మగవాళ్లకి ఎంత కష్టమో నీకింకా తెలియదులే.

పది నిమిషాలకి బయటికొచ్చారు. చంకలో కొత్త తాను. తెల్లటి నేతగుడ్డ, మడత విప్పనిది. మెట్లెక్కి పైకి వెళ్లారు. వెనకే నేను, నా వెనక శేషమ్మ గారు. కరీముల్లా అప్పుడే తిరిగి తిరిగి వచ్చి, మూటల మధ్య కూలబడి ఉన్నాడు. ఓనరు గారిని చూసి గబుక్కున లేచాడు.

"ఎల్లుండి పొద్దున్నే బండి మాట్లాడానండీ" అన్నాడు.

ఆయన ఆ తాను మిషను మీద పెట్టారు. "నాలుగు లాల్చీలు కావాలయ్యా. తొందరేం లేదు. దసరాకి ఇచ్చినా సరే."

అది మేనెల. ఖాసింబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. రెహానాయే ముందు తేరుకుంది, నేల మీద పడి ఉన్న కొలతల టేపు తీసి తండ్రి చేతిలో పెట్టింది. కరీముల్లా ఆయన భుజం మీద టేపు ఆనించాడు.

"పోయినేడాది కొలతలే కదయ్యా" అన్నారు ఓనరు గారు.

"లేదండీ, కాస్త ఒళ్లు చేశారు" అన్నాడు కరీముల్లా. శేషమ్మ గారు పక్కుమని నవ్వేశారు.

క్షమించమని ఆయన అడగలేదు, వీళ్లూ ఏమీ అడగలేదు. ఎవరెలా చెప్పుకోగలిగితే అలా చెప్పుకున్నారు. నేను చాలామంది పెద్దమనుషుల్ని చూశాను, అంత చక్కగా మాట వెనక్కి తీసుకున్న మనిషిని ఇంకొకర్ని చూడలేదు.

వాళ్లిద్దరూ కిందికి దిగాక నేను ఖాసింబీ దగ్గరికి వెళ్లాను.

"తప్పు నాదే అమ్మా. మిమ్మల్ని ఒక్క మాట అడగకుండా రాసేశాను."

ఆవిడ మూట ముడి విప్పుతూ నావంక చూసింది. కోపం లేదు, కానీ వదిలిపెట్టే చూపు కాదు.

"ఆ రోజు మీరు కాఫీ కింద తాగారు. అన్నం కింద తిన్నారు. మా ఇంట్లో అడుగే పెట్టలేదు. మెట్ల మీద నుంచే ఆపండీ, వెయ్యండీ అన్నారు. ఇంక మా సంగతి మీకెట్టా తెలుస్తదండీ?"

ఇన్నేళ్ల ఉద్యోగంలో నా పని గురించి ఎవరూ అంత సూటిగా చెప్పలేదు.

"కూర్చోండి" అంది. చాప పరిచింది. గోనెసంచిలో సర్దిన గిన్నెల్లోంచి చిన్న గిన్నె వెతికి బయటికి తీసి, స్టవ్వు వెలిగించింది. పాలు, యాలకులు, అల్లం, ఇంకా ఏదో వేసింది, అదేంటో నేను అడిగితే...

ఆఁ? ఏంటే? వినపడుతోంది, అరవకు! మీ అమ్మ పిలుస్తోంది, అన్నం చల్లారిపోతోందట. పులుసు కూడా వడ్డించేసిందట. వస్తున్నానే, వచ్చేస్తున్నా! లే చిన్నీ, ఆ లాప్‌టాప్ మూసెయ్. ఉండు, ఈ ఒక్క ముక్క కొట్టు. అదేంటని నేను అడిగితే ఖాసింబీ నవ్వి, అది కనుక్కోవాలంటే మళ్లీ మళ్లీ మా పైవాటాకే రావాలండీ అని, నా చేతిలో గ్లాసు పెట్టి